నేరము మంచుది కాదు

ధనుర్మాసపు వేకువను కొవ్వూరు గోష్పాద రేవున నిలిచినవానికి ఆవలి యొడ్డున రాజమహేంద్రవర మున్నదను సంగతి జ్ఞాపకము చెప్పవలసినదే గాని కన్ను చెప్పజాలదు. గోదావరియు, దాని కాలువలును, తడియారని చేలును రాత్రి యంతయు గాలికి తేమ నందించుచుండ, మబ్బులేని ఆకాశము క్రింద నేల తన వేడిమిని కోల్పోయి చల్లబడగా, కదలిక లేని ఆ గాలిలో తేమ సూక్ష్మబిందువులై నేలను అంటిపెట్టుకొని నిలుచును. ఏరును కాలువలును ఉన్నంతకాలము ఈ మంచు మనలను విడువదు. దానిని నిందించి ప్రయోజనము లేదు. నిందింపదగినవి దాని మాటున మనము పెట్టుచున్న వస్తువులు.

సార్వా కోతలు వచ్చినవనిన మన రోడ్లు సగము కళ్లము లగును. ధాన్యము చక్రముల క్రింద నలుగకుండ చుట్టును రాళ్లు పేర్చి, రాత్రి పైన బరకము కప్పి రైతు ఇంటికి పోవును. తెల్లవారుజామున పాలక్యాన్లు తగిలించుకొని మోటారుసైకిలుపై వచ్చువానికి ఆ నల్లని బరకము తారురోడ్డులో కలిసిపోయి, ముందుచక్రము రాతిని తాకిన తరువాతనే దాని యునికి తెలియును. ధాన్యము మిల్లుకు తోలిన పిమ్మటను రాళ్లు అక్కడనే యుండును, దాళ్వాకు పనికివచ్చునని కాబోలు! అట్లని రైతును దోషిగ నిలబెట్టుట న్యాయము కాదు. పూర్వము పనలు చేలోనే ఆరి, కుప్పవేసిన పిదప నూర్పిడికి వచ్చెడివి. ఇప్పుడు యంత్రము కోసిన ధాన్యము పచ్చిగనే బయటపడుచున్నది. కొనుగోలు కేంద్రములో తేమ 17 శాతము మించరాదందురు. ఆరబెట్టుటకు చోటు మాత్రము చాలదు. ఊరికి చాలినంత సిమెంటు కళ్లము కట్టించుట పంచాయతీలకును ప్రభుత్వమునకును అసాధ్యమా? అది ఏర్పడువరకు రాళ్లకు బదులు ఊక నింపిన గోనెసంచులకు సున్నము పూసి యుంచినను ఒక ప్రాణము దక్కును.

ఇక వేగము మాట. చూపు 200 మీటర్లకు లోబడిన దట్టమైన మంచనియు, 50 మీటర్లకు లోబడిన అతిదట్టమనియు వాతావరణశాఖ లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. ఎదుటి అడ్డు కంటబడి కాలు బ్రేకు చేరులోగానే 25 మీటర్లు గడచును. తడిసిన రోడ్డుపై బండి ఆగుటకు మరి అంతయు, అంతకు మించియు కావలెను. అనగా 50 మీటర్ల చూపులో 60 వేగమున పోవువాడు ముందున్న లారీని చూచియు గుద్దును. గుండుగొలను నుండి దేవరపల్లి మీదుగ కొవ్వూరు చేరు నాలుగు వరుసల రోడ్డు పిలిచి వేగ మిచ్చునట్టిది. వెనుక దీపము లేక అంచున నిలిపిన యిసుక లారీ ఆ వేగమునకై కాచుకొని యుండును. పెద్దలైటు వేసికొన్న వెలుగంతయు మంచును తాకి తన కంటికే తిరిగివచ్చును, చిన్నలైటే మేలు. పొగమంచున రైలు నడుపువానిని హెచ్చరించుటకు సిగ్నలుకు ముందుగ పట్టాలపై టపాసులు పెట్టి పేల్చు పద్ధతి ఉన్నది. 1974 నాటి మన రోడ్డు-రైలు వంతెనపై క్రింద పోవు రైలుకు గల ఆ రక్షణ పైన పోవు బండికి లేదు, నడుపువాని బుద్ధియే దానికి సిగ్నలు.

కన్నును కప్పునది మంచు, ఊపిరిని పట్టునది పొగ. చలిరాత్రులందు నేలనంటిన చల్లగాలిపై వెచ్చనిగాలి మూతవలె నిలుచుటచే, సాయంకాలము లేచిన పొగ పైకి పోజాలక మన ముక్కుల యెత్తుననే తిరుగాడును. 1952 డిసెంబరులో లండను నగరమున ఐదు దినములు ఈ మూత లేవక, బొగ్గుపొగకు నాలుగువేల మంది మరణించిరని తొలి లెక్కలు చెప్పినవి. 1956లో అచ్చట చట్టము వచ్చినది. మన దేశమున రెండున్నర మైక్రానులకు లోబడిన ధూళి ఘనపుమీటరు గాలిలో దినమునకు సగటున 60 మైక్రోగ్రాములు మించరాదని నియమము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 15 చాలునన్నది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమపు పట్టికలో రాజమహేంద్రవర మున్నది, కొవ్వూరు లేదు; పొగ మాత్రము ఆ పట్టిక చదివి ఏరు దాటదు. దాళ్వాకు తొందరపడి కాల్చు గడ్డియు, వీధిమూల చెత్తమంటలును ఇరుగట్టులవారు సమముగ పీల్చుచున్నారు. ఉబ్బసము గలవారును, వృద్ధులును ఏటిగట్టు నడకను ఎండ పొడసూపిన పిదపకు మార్చుకొనుట మంచిది. ముఖమునకు చుట్టిన తుండుగుడ్డ ఆ ధూళిని ఆపదు, ఎన్-95 మాస్కు ఆపును.

భోగినాడు పిడకల దండలును, ఎండుకట్టెలును వేయుట మన ఆచారము. పాత టైర్లు వేయుట ఏ పెద్దలు నేర్పిన ఆచారమో తెలియదు. ఈ యేడు మీ వీధి మంటలోనికి టైరు దొర్లించుకొని వచ్చు కుర్రవానిని, దయచేసి, ఆపి వెనుకకు పంపుడు.