తీరపు గీత మనకేల యనువారికి

భూపటమును గోడకు వ్రేలవేసి, తూర్పున బాలునిచేత నొక నీలపుగీత గీయించి, "ఇది సముద్రతీరము" అని పలికించినంతనే భూగోళవిద్య ముగిసినదని తలచువారితో మేము వాదమునకు దిగుచున్నాము. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట అనంతగిరి, కోదాడ ప్రాంతపు టిండ్లలో ఆ గీతయు నక్కరలేనిదైనది. "మన పటములో సముద్రమే లేదు గదా, తీరము గొడవ మనకేల?" అను మాట చదువుకొన్నవారి నోటనే వినుచున్నాము. సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు 65వ జాతీయరహదారి బందరులోనే ముగియుచున్నదని వీరెరుగరు కాబోలు!

ఆంధ్రతీరము పొడవు 974 కిలోమీటర్లని మనము తరతరములుగా వల్లించితిమి. ఆ లెక్క 1970 ప్రాంతమున, 45 లక్షల కొకటి ప్రమాణముగల పటముపై తీసినది. ఏటిపాయలు, ఇసుకమేటలు అంత చిన్నపటములో కానరావు. ఇటీవల రెండున్నర లక్షల కొకటి ప్రమాణమున మరల కొలువగా అది 1,053 అయినది. దేశమంతటి తీరము 7,516 నుండి 11,098 కిలోమీటర్లకు పెరిగినది. (పాతసంఖ్య వ్రాసి మార్కులు పొందినవారిలో మేమును గలము.)

ఇది క్షమింపదగిన పొరపాటు. తీరము కదలదని పిల్లలను నమ్మించుట మాత్రము క్షమింపరానిది. కృష్ణాడెల్టా నది తెచ్చిన ఒండ్రుతో నేర్పడిన నేల. ఒండ్రు వచ్చినంతకాలము అది సముద్రములోనికి సాగును. రాక తగ్గినచో అలలు దానిని కోసివేయును. ఉపగ్రహచిత్రములను పూర్వపటములతో పోల్చిన పరిశోధకులు డెల్టాయంచు పలుతావుల వెనుకకు తగ్గినదనియు, ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుట ముఖ్యకారణములలో నొకటి యనియు తేల్చిరి. ఆ జలాశయముల నీరు త్రాగుచున్న దెవరు? నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు వదలిరి. ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ మాగాణులు పండుచున్నవి. మన కంచములోని మెతుకునకును దివిసీమ యంచునకును సంబంధము కలదు. సాగరు వలదని మేమనుట లేదు; కరవు నెరిగినవా రెవరట్లనగలరు? నీరు మనదని పోట్లాడి, ఆ నీటితో నాగిన మన్ను సంగతి మాది కాదనుట మాత్రము న్యాయము కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచగా వేలకొలది జనులు మరణించిరి. అచ్చట ఇసుకదిబ్బ యెంత యెత్తున్నది, మడయడవి యెంత మిగిలినది అనునవి ప్రాణములకు సంబంధించిన లెక్కలు.

కావున మన యిండ్లలో వేరొక పటముండవలయును. అది రాష్ట్రపు టెల్లకడ నాగరాదు. మహాబలేశ్వరము నుండి హంసలదీవి వరకు కృష్ణ యొకే కాగితముపై నుండవలయును. నడుమ ఆనకట్ట లన్నియు, చివర తీరము రెండు గీతలుగా, ఒకటి పూర్వపుది, ఒకటి నేటిది. ఆ రెంటి నడుమ ఎవరి యిల్లుండెనో బాలుడడుగును. పాఠశాలవారు దీనిని గీయింపకున్న తలిదండ్రులే గీయింపవచ్చును. రంగుపెన్సిళ్ళు రెండు చాలును.