స్త్రీ సాహసము రోగమా?

పురుషుడు రణభూమికి పోయి వార్తలు వ్రాసి పంపినయెడల వాని ధైర్యమునకు కారణ మెవ్వరు నడుగరు. అది వృత్తిధర్మమని లోకము సరిపెట్టుకొనును. స్త్రీ యదే పని చేసెనా, ఆమె సంసార మెట్టిది, మనసు కుదురుగా నున్నదా, బిడ్డలు కలరా యని విచారణ మారంభమగును. 2018వ సంవత్సరమున వెలువడిన "ఎ ప్రైవేట్ వార్" అను ఆంగ్ల చలనచిత్రము ఈ విచారణమునే మిక్కిలి నేర్పుతో సాగించినది. నేర్పు గలది గనుకనే దీనిని ఖండింపవలసియున్నది.

చిత్రనాయిక కల్పితవ్యక్తి కాదు. మేరీ కాల్విన్ 1956లో అమెరికాదేశమున జన్మించి, 1985 మొదలు మరణపర్యంతము లండను నగరపు "సండే టైమ్స్" పత్రికకు విలేఖరిగా పనిచేసెను. 1999లో తూర్పు తైమూరునందలి డిలీ నగరమున, ఐక్యరాజ్యసమితి యావరణములో చిక్కుకొనిన సుమారు 1,500 మంది స్త్రీలను, పిల్లలను విడిచిపోక నిలిచి, వారి దుస్థితిని లోకమునకు చాటెను. తుదకు వారు సురక్షితస్థలమునకు చేర్పబడిరి. 2001 ఏప్రిలులో మన పొరుగుననున్న శ్రీలంకలో, విలేఖరులకు నిషిద్ధమైన వన్ని ప్రాంతమందలి తమిళప్రజల కష్టములను చూచి మరలివచ్చుచు, సైనికుల దాడిలో ఎడమకంటి చూపు కోల్పోయెను. 2012 ఫిబ్రవరి 22వ తేదీన సిరియాలోని హోమ్స్ పట్టణమున ఫిరంగిగుండ్ల వర్షములో ప్రాణములు విడిచెను. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు రెమీ ఓష్లిక్ కూడ ఆమెతోపాటే మరణించెను. ఆ మరణమునకు నాటి సిరియా ప్రభుత్వమే బాధ్యురాలని 2019లో వాషింగ్టను నగరపు న్యాయస్థానమొకటి తీర్పుచెప్పి, 30 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని యాజ్ఞాపించెను.

ఇట్టి జీవితమునుండి దర్శకుడు మాథ్యూ హైన్‌మన్ ఏమి యెంచుకొనెను? మద్యపానము, పీడకలలు, తెగిపోయిన దాంపత్యము, తీరని సంతానవాంఛ. కథ 2001 మొదలుకొని నడచుటచే తైమూరు ఘట్టము దృశ్యముగా రానే లేదు. నాయిక పాత్ర ధరించిన రోసమండ్ పైక్ అభినయము కొనియాడదగినదే. కాని ఆ యభినయమంతయు ఆమె గుండెలోని పుండును చూపుటకే వినియోగపడినది. చిత్రము పేరే సాక్ష్యము: యుద్ధ మామె సొంతమట! హోమ్స్ ప్రజలపై బడిన గుండ్లు ఎవరి సొంతము?

ఆమె త్రాగినమాట నిజము, మనోవ్యాధికి చికిత్స పొందినమాట నిజము, నిజమును దాచుట తగునా యని కొంద రడుగుదురు. దాచుమని మే మనలేదు. వ్యాధి ఆ వృత్తివలన కలిగిన ఫలము; దానిని వృత్తికి మూలకారణముగా చూపుట తలక్రిందులైన తర్కము. బావిలో పడినవానిని తీయబోయి కాలు విరుగగొట్టుకొనినవానిని చూచి, కుంటివాడు గనుకనే బావిలో దూకెనని చెప్పుదుమా?

ఈ యాక్షేపణకు సమాధాన మా చిత్రములోనే కలదు. హోమ్స్ నేలమాళిగలో తలదాచుకొనిన వితంతువుల ఘట్టమున, దర్శకుడు నిజముగా సిరియా విడిచివచ్చిన శరణార్థినులనే కూర్చుండబెట్టి, వారి వ్యథను వారినోటనే చెప్పించెను. అచ్చట నాయిక కలము పట్టి వినుచుండును. ఆ కొన్ని నిమిషములలోనే ఆమె యేమి చేసెడిదో, ఎందుకు పోయెడిదో తెల్లమగును. ఈ మార్గమున చిత్రమంతయు నడచియుండవచ్చును గదా!

సోదరీసోదరులారా, ఇది పరదేశపు చిత్రముగూర్చిన వాదము మాత్రమే కాదు. మన యింటి యాడుబిడ్డ వరదప్రాంతమునకు వైద్యమునకై పోవుదునన్నను, కల్లోలమున్నచోటికి వార్తకై పోవుదునన్నను, ఆమె కేమి లోటు వచ్చినదని మనము వెదకుచున్నాము. తిరిగివచ్చిన పిదప ఏమి చూచితివని యడుగుట మరచుచున్నాము. మరణమునకు ముందటి రాత్రి కాల్విన్ హోమ్స్‌నుండి దూరదర్శనములలో మాటలాడి, గుండుముక్క తగిలి కన్నులయెదుటనే ప్రాణము విడిచిన పసిబిడ్డనుగూర్చి లోకమునకు చెప్పెను. తన కంటినిగూర్చి, తన కలలనుగూర్చి చెప్పుట కా రాత్రి ఆమెకు తీరిక లేదు. ఆమెను గౌరవింపదలచువారు ముందుగా ఆ బిడ్డమాట వినవలెను.