రేవు దగ్గర ఆగిన రోడ్డు

మే 15 కాటన్ జయంతి. గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహాలకు దండలు పడే రోజు. 1847లో పని మొదలుపెట్టి, 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను నిలబెట్టినవాణ్ణి తలుచుకోవడం మన ధర్మం. ఆ దండ వేసిన చేత్తోనే ఒకసారి దిగువకు, గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలవబోయే చోటికి వెళ్లి చూద్దాం.

నరసాపురం నుంచి మాధవాయిపాలెం రేవుకు పోయే రోడ్డు పట్టుమని పది నిమిషాలు సాగదు. నీళ్ల దగ్గర ఆగిపోతుంది. అవతల సఖినేటిపల్లి గట్టెక్కి అంతర్వేదికి సాగుతుంది. నడుమ ఏరు దాటించే పంటే దిక్కు. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయలు, చదువుకునే పిల్లలు, ఆసుపత్రికి బయల్దేరిన ముసలివాళ్లు అందరూ దాని మీదే. వరదొస్తే పంటు కట్టేస్తారు. కళ్లెదుటి ఊరికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవమంటే రేవులో ఇసుక వేస్తే రాలదు.

ఒకప్పుడు ఈ రేవులోనే దారులు మొదలయ్యేవి. ఇక్కడ ఓడలు కట్టారు. ఇక్కడి బట్ట కోసం ఇంగ్లీషువాళ్లు కోఠీ పెట్టారు. మాధవాయిపాలెం పేరే నోళ్లలో నలిగి, 'మడపొల్లం' అనే గుడ్డగా ఐరోపా బజార్లకెక్కింది. రైళ్లకంటే పడవ కాలువలే మేలని కాటన్ వాదించిన కాలంలో నీరే పెద్ద రోడ్డు. బస్సూ లారీ వచ్చాక ఆ నీరే అడ్డయింది. గోదారి ఎక్కడున్నది అక్కడే ఉంది, మన బండి మారింది.

ఇక్కడ వంతెనకు శంకుస్థాపన ఒకటికి రెండుసార్లు జరిగింది. రాళ్లు పాతబడ్డాయి, పంటు మాత్రం తిరుగుతూనే ఉంది. రోజుకెన్ని బండ్లు తిరుగుతాయన్న లెక్కే చూస్తే ఇలాంటి చిన్న రోడ్డుకు వంతెనల వరుసలో ఎప్పుడూ చివరి చోటే. పంటెక్కినవాళ్ల లెక్క టిక్కెట్లు చెబుతాయి. వరద రాత్రి రేవుదాకా వచ్చి వెనక్కి మళ్లినవాళ్ల లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు.

కాటన్ 1844లో పైవాళ్లకు నివేదిక రాసినప్పుడు ఆనకట్టకయ్యే ఖర్చొక్కటే చెప్పి ఊరుకోలేదు. అది లేక కరువుల్లో డెల్టా ఎంత పోగొట్టుకుందో కూడా ముందు పెట్టాడు. వంతెన లేని ఇన్నేళ్లలో ఈ రెండు గట్లూ ఏం పోగొట్టుకున్నాయో అలాగే లెక్క కట్టాలి. కొత్త రాయి వేసేముందు ఆ కాగితం బయటపెడితే, అదే ఆయనకు అసలైన దండ.