కోచింగ్ ఫీజు కట్టినంత మాత్రాన ఆఫీసర్ తయారు కాడు

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి. తెలుగు అక్షరాలు రానివాళ్ళు (మన ఇళ్ళల్లో వాళ్ళే ఎక్కువ) వచ్చినవాళ్ళ చేత చదివించుకోండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక ప్రకటన తిరిగింది. ఆరు నెలల్లో గ్యారంటీ ఆఫీసర్, గ్యారంటీ పైలట్ అని. దాని కింద వరసగా దండాల బొమ్మలు. మరునాడే ఒక పెద్దాయన, నాకు మామ వరస, సంఘం విద్యా నిధిలోంచి ముగ్గురు పిల్లలకు ఆ ఫీజు కట్టాలని తీర్మానం పెట్టినారు. మామ మనసు మంచిదే. తీర్మానం మాత్రం తప్పు.

"మనది కత్తి పట్టిన వంశం, విజయనగర నాయకుల వెంట వచ్చినవాళ్ళం, రక్తంలోనే ఉండాది" అని కూడా రాసినారు. మామా, ఆ మాట మా తాత కూడా చెప్పేవాడు. చెప్పి మళ్ళీ మగ్గం దగ్గరికి పోయేవాడు. సత్రపట్టిలో నాకు తెలిసి మనం నేసింది బ్యాండేజ్ గుడ్డ, అమ్మింది బ్యాండేజ్ గుడ్డ. అందులో సిగ్గు లేదు, ఊరంతా దాని మీదే తిన్నాం. 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో రాజపాళయం కుక్క పేరు చెప్తే అందరం స్టేటస్ పెట్టుకున్నాం. కుక్కకు జాతి చూస్తారు. సెలెక్షన్ బోర్డు ముందు కూర్చునే పిల్లోడికి చూడరు.

అసలు ఏం చూస్తారో తెలుసుకుందాం. ఎన్డీఏ రాత పరీక్షకు 900 మార్కులు. లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600, అందులో ఇంగ్లీషుకే 200. దీనికి కోచింగ్ కొంత పనికొస్తుంది, కాదనను. ఆ తర్వాత ఐదు రోజుల ఎస్ఎస్బీ ఇంటర్వ్యూ, దానికీ 900. ఇక్కడే మన పిల్లలు పడిపోయేది. మొదటి రోజే ఒక మసక బొమ్మ 30 సెకన్లు చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. తర్వాత దాన్ని అందరి ముందూ చెప్పి, గుంపులో వాదించాలి. అది దాటకపోతే ఆ సాయంత్రమే ఇంటికి. దాటితే 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు, చూడగానే తోచింది రాయాలి. అరగంటలో 60 సందర్భాలకు నువ్వైతే ఏం చేస్తావో రాయాలి. 15 సెకన్లలో బట్టీ పట్టిన జవాబు రాస్తే, అది మిగతా రెండు రోజుల్లో బయట పడుతుంది. ఎందుకంటే మానసిక పరీక్షలు చూసేవారు వేరు, మైదానంలో తాళ్ళు, దుంగలు ఇచ్చి గుంపుతో పని చేయించేవారు వేరు, ఇంటర్వ్యూ చేసేవారు వేరు. ముగ్గురూ చివరి రోజు ఒకచోట కూర్చుంటారు.

మా వీధి పిల్లోడు ఒకడు రాత పరీక్ష పాసై పోయినాడు. మంచి తెలివైనవాడు. ఇంటర్వ్యూలో మీ ఊరు దేనికి పేరు అని అడిగినారంట. బ్యాండేజ్ గుడ్డకు సార్ అన్నాడు. ఎట్లా నేస్తారు, నూలు ఎక్కడి నుంచి వస్తుంది, తెల్లగా ఎట్లా చేస్తారు, మీ నాయన దగ్గర ఎంతమంది పని చేస్తారు అని వరసగా అడిగితే నోరు తెరవలేదు. వాడి తప్పా? పదేళ్ళు "నువ్వు చదువుకో, ఇక్కడికి రాకు" అని మగ్గం షెడ్డులోంచి తరిమింది మనమే. కూరగాయలకు పంపం. బ్యాంకుకు పంపం. ఒంటరిగా మదురైకి బస్సు ఎక్కనివ్వం. పదిహేడేళ్ళు అన్నీ మనమే నిర్ణయించి, పద్దెనిమిదో ఏట ముప్పై మంది జవాన్లకు దారి చూపమంటే ఏం చూపుతాడు? తిరిగొచ్చినాక టీ అంగడి దగ్గర "ఏమప్పా, కలెక్టర్ కాలేదా, కెప్టెన్ కాలేదా" అని నవ్వినారు చూడండి, అది ఇంకా పాపం. ఎస్ఎస్బీకి వయసు ఉన్నంత వరకూ మళ్ళీ మళ్ళీ పోవచ్చు. వాడు మాత్రం మళ్ళీ పోలేదు.

పైలట్ సంగతి ఇంకా వేరు. విమానం నడిపే ఒడుపు ఉందా లేదా అని కంప్యూటర్ మీద, చేతులు కాళ్ళతో ఒక పరీక్ష పెడతారు. జన్మలో ఒక్కసారే. అందులో పోతే ఏ కోచింగూ రెండోసారి కూర్చోబెట్టలేదు. తర్వాత వైద్య పరీక్ష. ఎత్తు 162.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కాలి పొడవు, కూర్చున్న ఎత్తు, తొడ పొడవు కూడా కొలుస్తారు, కాక్‌పిట్‌లో పట్టాలి కదా. కంటి చూపు, రంగులు గుర్తు పట్టడం సరేసరి. ఇవన్నీ పదో తరగతిలోనే ఒక కంటి డాక్టరు, ఒక టేపు ఉంటే తెలిసిపోతాయి. లక్ష కట్టినాక తెలుసుకోవాల్సినవి కావు. నేను ఆ ప్రకటన నంబరుకు ఫోన్ చేసి, మా పిల్లోడి కన్ను ముందు చూడాలా అని అడిగినాను. "అదంతా తర్వాత సార్, ముందు అడ్వాన్స్ వేయండి" అన్నారు.

అన్నీ దాటి చేరినా అది మొదలే. ఎన్డీఏ మూడేళ్ళు, ఆ పైన ఆర్మీకి పోయేవాడికి డెహ్రాడూన్‌లో ఒక ఏడు. డిగ్రీ చదివి చెన్నై ఓటీఏకు పోతే 49 వారాలు. పరుగులోనో, ఈతలోనో, చదువులోనో వెనకబడితే ఒక టర్మ్ వెనక్కి పంపుతారు, తోటివాళ్ళు ముందుకు పోతారు. విమానం వాళ్ళు హైదరాబాదు పక్కన దుండిగల్ అకాడమీలో పిలాటస్ విమానం మీద మొదలుపెడతారు. అనుకున్న గంటల్లో ఒంటరిగా ఎగిరి దించలేకపోతే విమానం వదులుకోవాల్సిందే. అక్కడ బోధన అంతా ఇంగ్లీషులో, గాల్లో ఉన్నప్పుడు ఆలోచించి తర్జుమా చేసుకునే టైము ఉండదు. 2023 డిసెంబర్ 4న ఆ అకాడమీ విమానం తూప్రాన్ దగ్గర కూలి, నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఇద్దరూ పోయినారు. ఈ మాట ప్రకటనలో ఉండదు. మనం పిల్లల తల్లిదండ్రులకు చెప్పాల.

ఇంకొకటి, ఎవరూ మాట్లాడనిది. శిక్షణలో వెన్ను విరిగో, తలకు దెబ్బ తగిలో కమిషన్ రాకముందే ఇంటికొచ్చే క్యాడెట్లు ఉన్నారు. 1985 నుంచి 500 మంది దాకా అని పత్రికలో వచ్చింది. కమిషన్ కాలేదు కాబట్టి వాళ్ళకు మాజీ సైనికుల హోదా లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టే తనంతట తాను ఈ విషయం ఎత్తుకున్నది. మన పిల్లోడికి అట్లా అయితే పొంగల్ సభలో శాలువా కప్పిన మనం ఆ రోజు వాడి ఇంటికి పోతామా? నాకు నమ్మకం లేదు. ఊరికే వెనక్కి వచ్చినవాణ్ణే నవ్వి పంపినాం.

భయపెట్టడానికి రాయడం లేదు. పంపొద్దనీ అనడం లేదు. గల్వాన్‌లో 2020 జూన్ 15న పోయిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట వాడు, మన తెలుగు పిల్లోడు. ఆరో తరగతిలోనే కోరుకొండ సైనిక్ స్కూలుకు పోయినాడు, అక్కడి నుంచి ఎన్డీఏ. తనకే సైన్యంలో చేరాలని ఉండేదనీ, బంధువులు పోనివ్వలేదనీ, అందుకే కొడుకును పంపినాననీ ఆయన తండ్రి చెప్పినారు. ఆ బంధువులు ఎవరో నాకు తెలియదు కానీ, మాట తీరు చూస్తే మన సంఘం సభ్యుల మాదిరే ఉండాది. ఆరు నెలల్లో తయారైన మనిషి కాదాయన. "అమరన్" సినిమా చూసి ఏడ్చినవాళ్ళం, ఆ మేజర్ ముకుంద్ శిక్షణ పొందింది మన చెన్నైలోనే అని ఎంతమందికి తెలుసు?

మామ తీర్మానంలో ముగ్గురూ మగపిల్లలే. సుప్రీంకోర్టు 2021లో చెప్పినాక ఆడపిల్లలు ఎన్డీఏకు పోతున్నారు, 2025 మేలో మొదటి జట్టు 17 మంది బయటికి వచ్చినారు. చెన్నై ఓటీఏలో 1992 నుంచే ఉన్నారు. మన ఊళ్ళో పొద్దున్నే ఐదింటికి పరిగెత్తే ఇద్దరు అమ్మాయిలు నాకు తెలుసు. పరిగెత్తే మగపిల్లోడు ఒక్కడూ కనపడలేదు.

విద్యా నిధిని ఏం చేయాలంటారా? ఐదో తరగతి పిల్లలకు అమరావతినగర్ సైనిక్ స్కూలు ప్రవేశ పరీక్ష ఫారాలు నింపి, లెక్కలు నేర్పించండి. కాలేజీకి పోయేవాళ్ళను ఎన్సీసీలో చేర్పించండి. సి సర్టిఫికెట్ మంచి గ్రేడులో ఉంటే ఓటీఏకు రాత పరీక్షే లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు పిలిచే దారి ఉంది. ఎస్ఎస్బీకి మొదటిసారి పోతే రైలు ఛార్జీ వాళ్ళే ఇస్తారు, రెండోసారి ఇవ్వరు. ఆ రెండోసారి, మూడోసారి టికెట్టు సంఘం కొనాల. ఆ ఒక్క ఖర్చు ఉండి ఉంటే మా వీధి పిల్లోడు ఇంకోసారి పోయేవాడేమో.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. తీర్మానం ఓటుకు వస్తే నేను చెయ్యి ఎత్తను, ముందే చెప్తున్నాను, తర్వాత మామకు కోపం రాకూడదు. కోశాధికారి అన్నను ఒకటి అడుగుతున్నాను: ఈ ఐదేళ్ళలో విద్యా నిధిలోంచి శాలువాలకూ ఫ్లెక్సీలకూ ఎంత పోయిందో, పిల్లల పుస్తకాలకు ఎంత పోయిందో, ఆ లెక్క కాగితం మీటింగుకు తీసుకురండి.