గుంటలో ఉప్పు చూస్తాం, ఒంట్లో బీపీ చూసుకోమా?

ఈసారి వీడియోలో జీవామృతం తయారీ కాదు, మా పెరట్లో మునగచెట్టు కింద పెట్టిన బీపీ మిషను చూస్తారు. ఎందుకో చెబుతాను.

మాది ముత్తుకూరు. ఇక్కడ రొయ్యల గుంట ఉన్న ఏ రైతునైనా నిద్రలో లేపి అడగండి, నీళ్లలో ఉప్పు ఎంతుందో, పీహెచ్ ఎంతుందో టక్కున చెబుతాడు. వరి పెట్టే మాకేమో మట్టికి చౌడు ఎక్కుతుందేమోనని దిగులు, పరీక్షలు చేయిస్తాం. అదే మనిషిని "నీ బీపీ ఎంతన్నా?" అంటే మాత్రం "నాకేందిరా, బాగానే ఉన్నా కదా" అంటాడు.

మా పెదనాన్న కూడా అట్టాగే అన్నాడు. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చాక, "మందులెయ్యని అన్నం తింటున్నా, ఇంక మాత్రెందుకు?" అని బీపీ మాత్రలు ఆపేశాడు. కొన్నాళ్లు హాయిగానే తిరిగాడు. ఒకరోజు తెల్లారి మడికి నీళ్లు కట్టబోయి పార ఎత్తితే కుడిచెయ్యి లేవలేదు, మూతి వంకరపోయింది. పక్షవాతం. ఆయన మాత్ర మానేసిన రోజున "మంచి పని చేశావు పెదనాన్నా" అన్నది నేనే. అందుకే ఇది రాస్తున్నా.

మన పంట మంచిదే, కాదనను. ఆకుకూరలు, కాయగూరలు, పప్పులు ఎక్కువ తింటే బీపీ అదుపుకు సాయపడతాయి. కానీ అవి మాత్రకు బదులు కావు. బీపీ చాలామందిలో ఏ గుర్తూ చూపించదు. పైకి బాగానే ఉన్నా లోపల గుండె, మెదడు, మూత్రపిండాలు, కళ్లు పాడవుతుంటాయి. కొలిస్తేనే తెలిసేది. వేరువేరు రోజుల్లో చూసినా 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. కొలిచేముందు అరగంట టీ, బీడీ వద్దు. ఐదు నిమిషాలు గమ్మున కూర్చుని అప్పుడు చూపించుకోండి.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. ఈ లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి, అదీ ఆవకాయకు వేసేదాంతో కలిపి. మీ ఇంట్లో ఎన్నాళ్లకు అయిపోతోంది? సైంధవ లవణమైనా, కల్లుప్పైనా బీపీకి అన్నీ ఒకటే. నెల్లూరోళ్లకి చేపల పులుసు మానమని ఎవరు చెప్పగలరు? ఉప్పు ఒక చిటికె తగ్గించండి చాలు. ఎండుచేపలు బాగా నానబెట్టి, నీళ్లు పారబోసి, కడిగి వండండి. అన్నం పక్కన విడిగా ఉప్పు పెట్టుకునే అలవాటు మానండి. కీళ్లనొప్పులకని డాక్టరును అడక్కుండా రోజూ మింగే నొప్పి మాత్రలూ బీపీని పెంచుతాయి, అదీ గుర్తుంచుకోండి.

2021 మే నెలలో మన మండలంలోని కృష్ణపట్నానికి కరోనా మందు కోసం వేలమంది వచ్చి బారులు తీరారు. ఆ మందు మంచిచెడ్డలు ఇక్కడ వద్దు. ప్రాణభయం ఉంటే మనిషి ఎంత దూరమైనా వస్తాడని అప్పుడు చూశాం. ఆ భయం పుట్టకముందు మాత్రం ఊళ్లోని ఆరోగ్య కేంద్రం దాకా కూడా నడవం. 30 ఏళ్లు దాటినవాళ్లకి అక్కడ బీపీ, షుగరు ఉచితంగానే చూస్తారు.

జీవామృతం ఒక్కసారి పోసి వదిలేస్తే చేను పండదని మనకు తెలుసు. బీపీ మాత్ర కూడా అంతే. రోజూ వేసుకోవాలి, తగ్గించాలన్నా ఆపాలన్నా డాక్టరే చెప్పాలి. ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నిమ్మరసం తాగించుకుంటూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

పెదనాన్న ఇప్పుడు గట్టు మీద మంచంలో కూర్చుని మడి చూస్తుంటాడు. పొద్దున్నే ఆయన మాత్ర నేనే చేతిలో పెడతాను. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆఖరుసారి బీపీ ఎప్పుడు చూపించారో ఈ పూటే అడగండి.