కోటి రూపాయల ప్రకటన, 15,000 రూపాయల చట్టం

పారిశ్రామిక ప్రమాదం జరిగిన ప్రతిసారీ పాలకులు ఎంత ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు, ప్రతిపక్షం ఎంత అడిగింది అన్న లెక్కల చుట్టూనే చర్చ తిరుగుతున్నది తప్ప, చట్టప్రకారం ఆ కుటుంబానికి రావలసినది ఎంత అన్న ప్రశ్న ఎవరికీ పట్టడం లేదు. ఎక్స్‌గ్రేషియా అంటే బాధ్యతను ఒప్పుకోకుండా దయతో ఇచ్చే సొమ్ము. పరిహారం అంటే పని కారణంగా, పని సమయంలో కలిగిన హానికి యజమాని తప్పును నిరూపించవలసిన అవసరం లేకుండానే వసూలు చేసుకోదగిన బాకీ. ఆ బాకీని 15,000 అనే ఒక్క అంకె ఏళ్ల తరబడి కొరుక్కు తింటున్నా, దాని ఊసెత్తకుండా కోటి రూపాయల ప్రకటనలను పొగడడమో తెగడడమో చేస్తూ కూర్చోవడం బాధ్యతారాహిత్యమే.

ఆ అంకె కథ ఇది. మరణించిన కార్మికుని నెల వేతనంలో సగాన్ని, అతని వయస్సును బట్టి పరిహార చట్టం నిర్దేశించిన గుణకంతో హెచ్చవేస్తే వచ్చేది మరణ పరిహారం. శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైన వారి విషయంలో సగానికి బదులు 60 శాతం తీసుకుంటారు. అయితే వాస్తవ వేతనం ఎంత ఉన్నా లెక్కకు తీసుకునే గరిష్ఠ వేతనం 15,000 రూపాయలేనని 2020 జనవరి 3న కేంద్రం ప్రకటించింది. రోజుకు 900 రూపాయల చొప్పున నెలకు 25 రోజులు పనిచేసి 22,500 సంపాదించే ముప్పై ఏళ్ల తాపీమేస్త్రీ పరంజా మీది నుంచి పడి చనిపోతే, 207.98 గుణకం ప్రకారం అతని కుటుంబానికి 23,39,775 రూపాయలు రావాలి; 15,000 పరిమితి వల్ల వచ్చేది 15,59,850 మాత్రమే. మిగిలిన 7,79,925 రూపాయలు ఏ దళారీ తినకుండానే, ఏ అధికారీ లంచం అడగకుండానే, చట్టబద్ధంగా మాయమవుతాయి.

ఈ పరిమితి పార్లమెంటు మనసులోని మాట కూడా కాదు. అంతకుముందు చట్టంలోనే ఉన్న 4,000 రూపాయల పరిమితిని 2009 సవరణ తొలగించి, వేతనాన్ని నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఆ అధికారాన్ని కేంద్రం 2010 మే 31న 8,000 అని ప్రకటించడానికి ఒకసారి, దాదాపు పదేళ్ల తరువాత 15,000 అని ప్రకటించడానికి మరోసారి వాడింది. ఈ జాప్యం ఖరీదెంతో శివరామన్ కేసులో 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెబుతున్నది: ప్రమాదం జరిగిన నాటి పరిమితే వర్తిస్తుంది, తరువాతి సవరణ వెనక్కు వెళ్లదు. అంటే పరిమితిని పెంచకుండా గడిచిన ప్రతి రోజూ ఆనాడు చనిపోయిన వారికి శాశ్వత నష్టమే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి 1923 నాటి పరిహార చట్టాన్ని తనలో కలుపుకొని, ఇంటికీ పనిచోటికీ మధ్య ప్రయాణంలో జరిగే ప్రమాదాలను కూడా పరిహారం పరిధిలోకి తెచ్చినా, వేతన పరిమితిని మాత్రం యథాప్రకారం కేంద్రం నోటిఫికేషన్‌కే వదిలేసింది.

పశ్చిమ ప్రకాశం ప్రాంతానికి ఈ పరిమితి ఎక్కడో ఢిల్లీ ముచ్చట కాదు. వానలు లేని ఏళ్లలో పుల్లలచెరువు, యర్రగొండపాలెం మండలాల జనం భవన నిర్మాణ పనుల కోసం హైదరాబాదు, గుంటూరు దారి పడతారు. మార్కాపురం చుట్టుపక్కల వారు పలకల గనుల్లో, కోత యంత్రాల దగ్గర రాతి దుమ్ము పీలుస్తారు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరచగా వచ్చే సిలికోసిస్‌ను చట్టం వృత్తి వ్యాధిగా, అంటే ప్రమాదంలో తగిలిన గాయంతో సమానంగా, ఎంతోకాలంగా గుర్తిస్తున్నది. ముఠామేస్త్రీ ద్వారా పనికి వెళ్లినా అసలు యజమాని బాధ్యత తప్పదనీ, ప్రమాదం పరాయి జిల్లాలో జరిగినా కుటుంబం నివసించే ప్రాంతంలోనే దావా వేయవచ్చుననీ, మరణ పరిహారాన్ని విచారణాధికారి వద్ద జమ చేయకుండా నేరుగా చేతిలో పెడితే అది చెల్లింపు కిందికే రాదనీ చట్టం చెబుతున్నది. ఇన్ని రక్షణలు ఉన్నా పోస్టుమార్టం గది ముందు పెద్దమనుషులు కుదిర్చే బేరానికే కుటుంబాలు తలొగ్గుతున్నాయంటే, పోరాడి గెలిచినా వచ్చేది 15,000 లెక్కేనన్న నిరాశకూ అందులో వాటా ఉంది.

గనిలో పనిచేసే కార్మికుడే పని మీద వెళ్తూ రోడ్డుపై లారీ గుద్ది చనిపోతే, డ్రైవరు నిర్లక్ష్యాన్ని నిరూపించగలిగిన కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ సొంత ఖర్చు కింద కొంత తగ్గించినా, లెక్క మొదలయ్యేది వాస్తవ ఆదాయంతోనే; భవిష్యత్తులో పెరగగల ఆదాయాన్ని కూడా కలపాలని 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు స్థిరపరచింది. గని గేటుకు ఇవతల పూర్తి కూలికి లెక్కకు వచ్చే మనిషి, గేటు దాటి లోపలికి అడుగు పెట్టగానే 15,000 మనిషిగా ఎందుకు కుదించుకుపోవాలో ఏ నోటిఫికేషనూ వివరించలేదు.

పరిమితి ఎత్తివేస్తే చిన్న పలకల యూనిట్లు, చిన్న గుత్తేదార్లు భారం మోయలేరన్న వాదనలో కొంత నిజం ఉంది. అయితే ఆ భారాన్ని మోయడానికే బీమా ఉన్నది. గని లీజుకూ, నిర్మాణ అనుమతికీ బీమా పాలసీని షరతుగా పెట్టడం ప్రభుత్వం చేతిలోని పని. యంత్రానికి పూర్తి ధరకు బీమా చేయించగల యజమాని, దాన్ని నడిపే మనిషికి పూర్తి కూలి మేరకు చేయించలేడనడం నమ్మదగిన మాట కాదు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోగా, ఒక్కొక్క కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించారు. ఆ కుటుంబాలకు అది ఎక్కువ కాదు. కానీ గనిలో బండ జారి ఒంటరిగా చనిపోయే కూలీ ఇంటికి ఏ మంత్రీ రాడు, కోటి ప్రకటన అసలే రాదు. అతనికి మిగిలేది 15,000 లెక్క ఒక్కటే. తనతో పాటు ఎంతమంది చనిపోయారన్న దాన్ని బట్టి మనిషి ప్రాణానికి వెల కట్టే ఏర్పాటును కరుణ అనడం సిగ్గుచేటు. కెమెరాల ముందు కోటి ప్రకటించగల ప్రభుత్వాలకు, గెజిట్‌లో ఒక అంకె మార్చడానికి పైసా ఖర్చు కాదు. పరిహారాన్ని వాస్తవ వేతనంతో ముడిపెట్టని నాయకునికి మృతుల ఇళ్ల ముందు చెక్కు పట్టుకొని నిలబడే అర్హత లేదు.