నీరు అందరిది, గట్టు ఎవరిది?

తెలుగులో వేట అనే మాట అడవికీ చెల్లుతుంది, నీటికీ చెల్లుతుంది. అడవిలో ఉచ్చు పన్నిన బోయదీ వేటే, ఏటిలో వల విసిరిన బెస్తదీ వేటే. ఇద్దరి జీవనాధారమూ పట్టా లేని వనరు. పాలకుల లెక్కల్లో ఇద్దరికీ చోటు దొరకకపోవడానికి మూలకారణం అదే.

చాగలమర్రి ప్రాంతంలో కుందూ నదిపై ఉన్న రాజోలి ఆనకట్ట వద్ద 2.95 టీఎంసీల జలాశయానికి 2019 డిసెంబరు 23న శంకుస్థాపన జరిగింది. జలాశయం అనగానే రాయలసీమలో చర్చ ఎప్పుడూ మూడు అంశాల చుట్టూనే తిరుగుతుంది: ఆయకట్టు ఎంత, ముంపు ఎంత, ఎకరాకు పరిహారం ఎంత? మూడూ భూమి ఉన్నవారి ప్రశ్నలే. అవి న్యాయమైనవే. అయితే నాలుగో ప్రశ్న ఒకటి ఉంది. సెంటు భూమి లేకుండా ఆ నీటి మీదే బతికే కుటుంబాలు ఎన్ని? వాటి లెక్క ఎవరు తీశారు?

చట్టం ఈ ప్రశ్నను మరవలేదు. 2013 నాటి భూసేకరణ చట్టం ‘ప్రభావిత కుటుంబం’ అన్న నిర్వచనంలో భూయజమానులతో ఆగిపోలేదు. సేకరణకు ముందు మూడేళ్లపాటు అడవుల మీద, జలవనరుల మీద ప్రధానంగా ఆధారపడిన కుటుంబాలనూ చేర్చింది. వేటగాళ్లు, మత్స్యకారులు, పడవ నడిపేవారు అని పేర్కొని మరీ చేర్చింది. కానీ అదే చట్టం రెండో షెడ్యూలులో జలాశయంలో చేపల వేట హక్కు వద్దకు వచ్చేసరికి ‘ఇవ్వవలెను’ అనలేదు, ‘ఇవ్వవచ్చును’ అంది. పట్టాదారుకు పరిహారం హక్కు, బెస్తకు వల వేసుకునే వీలు మాత్రం ప్రభుత్వ దయ. ఒక్క క్రియాపదంలో ఇంత అంతరం ఇమిడి ఉంది.

ఇక గట్టు సంగతి. నదులు, వాగులు, చెరువుల గర్భాలు ప్రభుత్వ ఆస్తి అని 1905 నాటి భూ ఆక్రమణ చట్టం స్పష్టంగా ప్రకటించింది. కమల్‌నాథ్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ఇటువంటి వనరులకు ప్రభుత్వం యజమాని కాదని, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని తేల్చింది. అంటే నీరు అందరిదన్న విషయంలో న్యాయపరంగా సందేహం లేదు. సందేహమంతా నీటిదాకా నడిచే దారి గురించే. వేసవిలో నీరు వెనక్కి తగ్గుతుంది, సాగు ముందుకు జరుగుతుంది. రెండు మూడు పంటల తర్వాత పోరంబోకుకూ పట్టాకూ మధ్య హద్దురాయి కనిపించదు. అప్పుడు చేపల బుట్టతో వచ్చిన మనిషి నీటి దగ్గర కాదు, చేను దగ్గరే ఆగిపోతాడు.

ఇరవై ఏళ్లు అడ్డంకి లేకుండా, హక్కుగా నడిచిన బాటకు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం రక్షణ ఇస్తుంది నిజమే. అయితే ఆ రక్షణ పొందాలంటే కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఏ రైతు చేలో కూలికి వెళ్తాడో ఆ రైతు మీదే దావా వేయగల బోయ, బెస్త, మాదిగ ఎందరుంటారు? గట్టు మీద గీసిన గీత సర్వే నంబరుదిగా కనిపిస్తుంది. దాన్ని నిలబెట్టేది మాత్రం కులబలం.

ఇది కొత్త కథ కాదు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో దళితులు చవదార్ చెరువు నీళ్లు తాగినప్పుడు, సవర్ణులు కోర్టుకు వెళ్లి ఏమని వాదించారు? ఆ చెరువు తమ ప్రైవేటు ఆస్తి అన్నారు. చెరువు చుట్టూ ఇళ్లు వారివి కనుక నీరూ వారిదే అన్న తర్కం అది. ఆ వాదన వీగిపోవడానికి, బొంబాయి హైకోర్టు తీర్పు రావడానికి 1937 దాకా పట్టింది. అంటరానితనానికి ఆస్తిహక్కు ముసుగు వేయడం మన సమాజానికి ఆనాడే అలవాటైన విద్య.

అడవి వేటకు దారి ఎప్పుడో మూసుకుపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం చేపల మీద సామూహిక హక్కును గుర్తించి, జంతువుల వేటను మినహాయించింది. వన్యప్రాణుల రక్షణ అవసరమే, అందులో వివాదం లేదు. కానీ నల్లమల అంచున వేట మీద బతికిన చెంచులకు, బోయలకు ఒక దారి మూసినప్పుడు, మిగిలిన నీటి దారినైనా తెరిచి ఉంచాలి కదా.

ఆ నీటిని కూడా వేలంలో పెట్టే ప్రయత్నం జరిగింది. నెల్లూరు జిల్లాలోని పెద్ద చెరువులకు బహిరంగ వేలం తెచ్చిన జీవో 217ను 2021లో మత్స్యకారులు వ్యతిరేకించారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. రద్దు మంచిదే. అయితే జీవోతో వచ్చిన హక్కు జీవోతోనే పోతుంది. సొసైటీ సభ్యత్వం ఎవరికి అన్న ప్రశ్న కూడా మిగిలే ఉంది. వల పట్టే యానాదికీ దళితుడికీ అందులో చోటు లేకపోతే, గట్టు మీది కులగీత నీటిలోకి దిగినట్టే.

కనుక రాజోలి వంటి ప్రతి జలాశయం విషయంలోనూ చేయవలసిన పనులు మూడు. ముంపు సర్వేలో పట్టాదారులతోపాటు నీటి మీద ఆధారపడిన కుటుంబాలనూ గ్రామసభ సమక్షంలో నమోదు చేయాలి. పూర్తి నీటిమట్టం హద్దురాళ్లతో పాటు నీటిదాకా వెళ్లే బాటలనూ రెవెన్యూ పటంలో గుర్తించాలి. చేపల వేట హక్కును ‘ఇవ్వవచ్చును’ నుంచి ‘ఇవ్వవలెను’గా రాష్ట్ర నిబంధనల్లోనే మార్చాలి. కోట్ల రూపాయల ప్రాజెక్టులో వీటికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు.

భూమి పంపకం గురించి డెబ్బై ఏళ్లుగా మాట్లాడుతున్నాం. నీటి పంపకం గురించి కూడా రాష్ట్రాల మధ్య, జిల్లాల మధ్య మాట్లాడుతున్నాం. కులాల మధ్య నీటి పంపకం గురించి మాట్లాడటం గట్టు దగ్గరే మొదలుకావాలి.